కాకెంగిలి బిస్కెట్

నారాయణగూడ ఫ్లైఓవర్ పక్క సందులో కుక్కల తిండి మాత్రమే అమ్మే కొట్టు ఒకటి పెట్టారు. మేం సరుకులు తెచ్చుకునే కిరాణా కొట్టు కంటే పెద్దది, పైగా ఏసీ. మొన్న సాయంత్రం మా మనవరాలు నన్ను అక్కడికి లాక్కెళ్ళింది. మా అశోక్‌నగర్ నుంచి ఎంతో దూరం కాదు గానీ, కోచింగ్ సెంటర్లు వదిలే వేళ కదా, రోడ్డంతా బ్యాగులు తగిలించుకున్న పిల్లలే. ఆటోలో కూర్చుని కూర్చుని నా నడుం పట్టేసింది. ఇంతా చేసి దేనికయ్యా అంటే, ఆ పిల్ల ఈమధ్య తెచ్చుకున్న ముసలి కుక్కకి చిరుతిండి కొనడానికి.

లోపల గోడల నిండా పొట్లాలు. కోడిమాంసంది ఒకటి, చేపది ఒకటి, గుమ్మడికాయది ఒకటి. పళ్ళు గట్టిపడడానికి వేరే, బొచ్చు నిగనిగలాడడానికి వేరే. మనవరాలు ఒక్కో పొట్లం వెనక్కి తిప్పి చీమ తలకాయంత అక్షరాలు చదువుతోంది. ఉప్పెంత, చక్కెర కలిపారా, రంగేశారా. నాకు సంబంధం చూసినప్పుడు మావాళ్ళు పెళ్ళికొడుకు గురించి కూడా ఇంత ఆరా తీయలేదు. ఆ మాటే పైకి అంటే కౌంటర్లో అబ్బాయి నవ్వాడు, మనవరాలు మాత్రం నవ్వలేదు.

చివరికి ఒక గాజు సీసా మూత తీసి గుండ్రటి బిస్కెట్ ఒకటి నా చేతిలో పెట్టింది. ఇది ఎవరో ఇంట్లో చేసి ఇక్కడ అమ్మకానికి ఇస్తారట, జొన్నపిండిదట, వాసన ఎలా ఉందో చెప్పమంది. చూశాను. కాలిన జొన్నపిండి, దాని వెనక కొంచెం నెయ్యి, ఎక్కడో అంచున మాడిన క్యారెట్. ఈ వాసన నాకు తెలుసు. ఇది మా అత్తయ్య డబ్బా వాసన.

ఇక చెప్పకుండా ఉండలేను. మనుషుల పేర్లు మాత్రం చెప్పను. చాలామంది లేరు, ఉన్నవాళ్ళు దెబ్బలాటకొస్తారు. కుక్క పేరు చెప్తాను, టైగర్.

మేం అప్పుడు చిక్కడపల్లిలో ఉండేవాళ్ళం. నాన్నకి ఇక్కడ ఆఫీసులో ఉద్యోగమైతే కోస్తా నుంచి ఇత్తడి సామాను, ఊరగాయ జాడీలతో సహా వచ్చి దిగాం. ఒక గేటు, లోపల పొడుగాటి పెంకుటిల్లు, దాన్ని వాటాలుగా చేసి కిరాయికి ఇచ్చారు. వాకిట్లో బాదం చెట్టు, దాని కింద అందరికీ కలిపి ఒకే ఒక్క నల్లా. పొద్దున్నే అక్కడ బిందెల మోత. మేం పిల్లలం వాకిట్లో నిలబడి, తాలింపు వాసన బట్టి ఎవరింట్లో ఏం కూరో చెప్పేసేవాళ్ళం. పందెం కాసుకునేవాళ్ళం కూడా. ఓడినవాళ్ళు గెలిచినవాళ్ళకి బాదం పప్పులు కొట్టి ఇవ్వాలి. అమ్మ గోంగూర ఉడకేసిన రోజున పందెమే ఉండేది కాదు, అది గేటు బయట పోయేవాళ్ళకి కూడా తెలిసిపోయేది. ఇప్పుడా స్థలంలో అపార్ట్‌మెంట్ ఉంది. కింద జిరాక్స్ షాపు, పక్కన టిఫిన్ సెంటరు.

అత్తయ్య అంటే నాన్నకి అక్క, మాతోనే ఉండేది. నారాయణగూడలో ఒక ఆడపిల్లల బడిలో కుట్టు టీచరు. పెళ్ళెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే తీరిక లేక అనేది, అడిగినవాళ్ళు రెండోసారి అడిగేవాళ్ళు కాదు. నాన్న ఆఫీసులో అందర్నీ అదిలించేవాడట గానీ, ఇంట్లో అక్క గొంతు సవరించుకుంటే చాలు, పేపరు మడిచి పక్కన పెట్టేసేవాడు. ఆవిడ కోపం నాకు భయం, ఆవిడ చేతి పెసరట్టు నాకు ప్రాణం. రెండూ ఒకే మనిషివి కావడంతో ఎప్పుడూ ఆవిడ చుట్టూ తిరుగుతూనే ఉండేదాన్ని.

ఆవిడకి ఒకటే పట్టింపు, ఎంగిలి. ఒకరు నోరు పెట్టింది ఇంకొకరు ముట్టకూడదు. మంచినీళ్ళు ఎత్తి పోసుకోవాల్సిందే, గ్లాసు పెదవికి తగిలిందా, అది తోమే గిన్నెల్లోకి పోవాల్సిందే. వడ్డించే గరిటె మన కంచానికి తగిలితే మళ్ళీ గిన్నెలోకి వెళ్ళేది కాదు. చిన్నప్పుడు కూడా తను కొరికిన జామకాయ అక్క తినలేదని నాన్న చెప్పేవాడు. ఆ చెప్పడంలో కొంచెం నిష్ఠూరం కూడా ఉండేది.

పిల్లలకి మాత్రం కాకెంగిలి దాకా ఒప్పుకునేది. ఈ కాలం వాళ్ళకి తెలుసో లేదో. బెల్లం జీడో చాక్లెట్టో ఒకటే ఉండి ఇద్దరు పంచుకోవాలంటే, దానిమీద గౌను అంచు కప్పి గుడ్డ మీది నుంచి కొరికి విరగ్గొట్టాలి. నోరు తగల్లేదు కాబట్టి అది ఎంగిలి కాదు, కాకెంగిలి. మా గౌన్ల అంచులన్నీ బెల్లం మరకలే. గుడ్డలోంచి ఉమ్మి ఇంకదా అని నేనొకసారి వాదన పెట్టుకుంటే, ఇంకితే ఇంకింది, పద్ధతి పద్ధతే అని నోరు మూయించింది.

గేటు పక్క గదిలో గార్డు గారు ఉండేవారు. రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యారు, ఒంటరి మనిషి. టైగర్ ఆయన కుక్క. గోధుమరంగు ఒళ్ళు, ఒక చెవి నిక్కి ఉండేది, ఒకటి వాలి ఉండేది. పేరుకే టైగర్, పిల్లి కనిపిస్తే మంచం కిందికి దూరేది. సాయంత్రమయ్యేసరికి ఆయన గడప మీద కూర్చుని, ఇరానీ హోటల్ నుంచి తెచ్చుకున్న చాయ్ సాసర్లో పోసుకుని, బిస్కెట్ సగం కొరికి మిగతా సగం టైగర్ నోటికి అందించేవారు. అన్నమైనా అంతే. ఒక ముద్ద ఆయనకి, ఒక ముద్ద దానికి, కంచం ఒక్కటే.

అత్తయ్య బడి నుంచి వస్తూ అది కంటబడితే తల పక్కకి తిప్పుకునేది. ఒకరోజు ఉండబట్టలేక అడిగేసింది, మూగజీవానికి ఎంగిలి పెట్టడమేమిటండీ, దానికంటూ వేరే పెట్టకూడదా అని. ఆయన నవ్వి, దానికదే అలవాటమ్మా అన్నారు. అత్తయ్యకి ఆ జవాబు సరిపోలేదు. ఇంటికొచ్చి, రెండు కంచాలు కడగడానికి బద్ధకం తప్ప మరేం కాదని తేల్చేసింది. కుక్కయితే మాత్రం దానికి మర్యాద ఉండదా అని ఆ పూటంతా అమ్మతో వాదించింది. అమ్మ అవునని అంటున్నా వాదిస్తూనే ఉంది.

వానాకాలంలో గార్డు గారికి దగ్గు పట్టుకుంది. కషాయాలకీ మందులకీ లొంగలేదు. నాన్న రిక్షా పిలిచి ఆయన్ని ఆస్పత్రికి తీసుకెళ్తుంటే, గేటు దగ్గర అత్తయ్య నిలబడి ఉంది. ఆయన ఆవిడకి చేతులు జోడించారు.

"నేనొచ్చేదాకా వాడికింత ముద్ద పెట్టండమ్మా."

"అలాగేనండీ. దాని తిండికి నాదీ పూచీ," అంది అత్తయ్య.

ఆయన మళ్ళీ రాలేదు. ఆస్పత్రి నుంచి నాన్న ఒక్కడే వచ్చి బాదం చెట్టు కింద స్నానం చేశాడు. గార్డు గారి గదికి తాళం పడింది. టైగర్ ఆ గడప మీద మూతి పెట్టి పడుకుంది, ఇంక లేవలేదు.

అత్తయ్య మాటంటే మాటే. కుక్క కోసం బజారుకెళ్ళి కొత్త పళ్ళెం కొనుక్కొచ్చింది. పొద్దున్నే బడికి వెళ్ళేముందు వంట కాగానే, ఇంట్లో ఇంకా ఎవరి నోరూ తగలకముందే, ముందుగా టైగర్ అన్నం తీసి పక్కన పెట్టేది. మాకు కూడా పెట్టకుండా కుక్కకి మొదటి ముద్దా అని అమ్మ నోరు నొక్కుకుంది. మెత్తటి అన్నం, ముద్దపప్పు, నెయ్యి. తాలింపు లేదు, కారం లేదు. పళ్ళెం కింద నీళ్ళు చల్లి తుడిచి మరీ పెట్టింది. టైగర్ ఒకసారి వాసన చూసి మళ్ళీ గడప మీద మూతి పెట్టుకుంది. బెంగ, ఒక పూటకి సర్దుకుంటుంది అన్నారు అందరూ.

సర్దుకోలేదు. మర్నాడు పెరుగన్నం. ఆ తర్వాత గుమ్మడికాయ, క్యారెట్ ఉడకబెట్టి మెదిపి అన్నంలో కలిపింది. ఆ వాసనకి నాకు ఆకలేసింది గానీ టైగర్‌కి వెయ్యలేదు. వెనక బస్తీ నుంచి మా నల్లాకి నీళ్ళకొచ్చే ఒకావిడ ఉండేది, పాలమూరు నుంచి వచ్చి ఇళ్ళు కట్టేచోట పనిచేసేది. ఆమె బిందె దించి చూసి, "ఏందమ్మా, గీ పప్పన్నం కుక్క తింటదా? జొన్న గట్క చేసి పెట్టు, లేస్తది," అంది. సాయంత్రం ఆమే కొంగున జొన్నపిండి కట్టుకొచ్చి ఇచ్చింది. అత్తయ్య ఆమె దగ్గరే నేర్చుకుని, పిండిని మరుగుతున్న నీళ్ళలో పోసి తిప్పి, చల్లార్చి పెట్టింది. అదీ ముట్టలేదు.

చివరికి గుడ్డు దాకా వచ్చింది వ్యవహారం. మా ఇంట్లో గుడ్డు మాటే ఎత్తరు. అత్తయ్య పాత సత్తు గిన్నె ఒకటి కుక్క పేరు మీద రాసిచ్చేసి, బాదం చెట్టు కింద కుంపటి పెట్టి, ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని గుడ్డు ఉడకబెట్టింది. అటు వాటాలవాళ్ళకి కనబడకుండా నన్ను గొడుగు పట్టుకుని నిలబడమంది. చినుకు లేదు, ఎండ లేదు, నేను గొడుగు పట్టుకుని నిలబడితే కనబడనివాళ్ళకి కూడా కనబడింది. వాటాకొకరు వచ్చి చూసి వెళ్ళారు. పాలమూరావిడ పెంకు ఒలిచి ఇచ్చింది. ఇంత పరువు పోగొట్టుకుని వండితే, టైగర్ ఆ గుడ్డు వైపు కన్నెత్తి కూడా చూడలేదు.

దాని పక్కటెముకలు పైకి కనబడుతున్నాయి. నీళ్ళు మాత్రం నాలుగు గుక్కలు తాగేది. అత్తయ్య కంచం ముందు కూర్చుని లేచిపోయేది. మాటిచ్చి నేను తింటున్నాను, అది పస్తు పడుకుంది అనేది. నాన్న ఒకరోజు చిన్న గొంతుతో, మునిసిపాలిటీ బండివాళ్ళకి చెబుదామా అక్కా, ఆ బాధ చూడలేకపోతున్నాం అన్నాడు. అత్తయ్య వాదించకుండా లేచి లోపలికెళ్ళిపోయింది. వాదించకపోయేసరికి నాకు ఏడుపొచ్చింది. ఆవిడ నిజంగా చేతులెత్తేసిందేమో అనిపించింది.

మర్నాడు ఆదివారం. పొద్దున్నే ఆవిడ స్టీలు డబ్బాలు తీసింది. ఆ రోజుల్లో బిస్కెట్లంటే పొట్లాల్లో కొనేవాళ్ళం కాదు. పిండి, చక్కెర, డాల్డా ఇంటి నుంచే పట్టుకెళ్ళి బేకరీలో ఇస్తే, వాళ్ళు కలిపి అచ్చులు కొట్టి భట్టీలో కాల్చి ఇచ్చేవాళ్ళు. చక్కెర డబ్బా నేను మోస్తే బేకరీ చేరేసరికి ఎందుకో కొంచెం వెలితి పడేది. వంతు వచ్చేదాకా అక్కడే బెంచీ మీద కూర్చోవాలి. ఆ వేడి, ఆ వాసన తల్చుకుంటే ఇప్పటికీ నోరూరుతుంది.

ఆ రోజు మా డబ్బాల్లో చక్కెర లేదు, డాల్డా లేదు. జొన్నపిండి, కొంచెం గోధుమపిండి, తురిమిన క్యారెట్, చెంచాడు ఇంటి నెయ్యి, ఒక కాగితప్పొట్లంలో గుడ్డు. గార్డు గారు రోజూ బిస్కెట్ పెట్టేవారు కదా, దీనికి బిస్కెట్ కావాలేమో, కానీ నీరసించిన ఒంటికి బలం ఉన్నది కావాలి అని అత్తయ్య లెక్క. బేకరీ మాస్టరు డబ్బాలన్నీ చూసి, చక్కెర లేదేంది, ఇంట్ల ఎవరికన్న బీమారా అని అడిగాడు. కుక్కకి అంటే పగలబడి నవ్వాడు. అత్తయ్య అతన్ని నవ్వనిచ్చి, తర్వాత జరిగిందంతా చెప్పింది. పోయినాయన, గడప మీద కుక్క, తనిచ్చిన మాట. నవ్వు ఆగిపోయింది. పనివాళ్ళని పక్కకి తప్పుకోమని, "జర కూసో అమ్మా, నేనే చేసిస్త," అని తనే చేతులు కడుక్కుని దిగాడు. గుడ్డు కూడా అతనే కొట్టి కలిపాడు, అత్తయ్య అటు తిరిగి నిలబడింది.

వేడి బిస్కెట్లు డబ్బాలో పోసుకుని ఇంచుమించు పరిగెత్తుకుంటూ ఇంటికొచ్చాం. కొత్త పళ్ళెంలో పెట్టింది. టైగర్ తల ఎత్తింది. వాసన చూసింది, అత్తయ్య మొహంలోకి చూసింది, మళ్ళీ గడప మీద మూతి పెట్టుకుంది. అత్తయ్య లేచి నల్లా దగ్గరికెళ్ళి, కడగాల్సింది ఏమీ లేకపోయినా డబ్బా మూత కడుగుతూ నిలబడిపోయింది.

నేను తిండిపోతుని, దాచడమెందుకు. పళ్ళెంలో బిస్కెట్లు వేడిగా ఉన్నాయి, అటు తిరిగి ఉంది అత్తయ్య. ఒకటి తీసి కొరికాను. ఉప్పు లేదు, తీపి లేదు, మట్టి తిన్నట్టుంది. మొహం వికారంగా పెట్టి మిగతా సగం పళ్ళెంలో పడేయబోతుంటే, నా వేళ్ళకి తడిగా ఏదో తగిలింది. టైగర్ మెడ చాపి నా చేతిలో సగం బిస్కెట్ అందుకుంది. కరకరమని నమిలి మింగింది. ఆ చప్పుడుకి అత్తయ్య గిరుక్కున తిరిగింది.

తన్నులు తప్పవనుకున్నాను. ఆవిడ నన్ను చూడనే లేదు. పళ్ళెంలోంచి కొరకని బిస్కెట్ తీసి దాని ముందు పెట్టింది. ముట్టలేదు. నన్ను ఇంకొకటి కొరికి ఇమ్మంది. కొరికి ఇచ్చాను, తినేసింది. అత్తయ్య అక్కడే నేల మీద కూర్చుండిపోయింది. ఇన్నాళ్ళూ ఎవరి నోరూ తగలకుండా, మడిగా, మర్యాదగా, ముందుగా తీసి పెట్టిందంతా టైగర్ దృష్టిలో పరాయివాళ్ళ తిండి. ఒకరు తిని పెడితేనే అది దానికి తన తిండి.

నేను రోజూ కొరికి పెడతానత్తయ్యా అన్నాను. నిజానికి మట్టి బిస్కెట్ మళ్ళీ తినాలని లేదు, అయినా అన్నాను. ఆవిడ తలూపలేదు.

"మాటిచ్చింది నువ్వా నేనా?" అంది.

అప్పటికి వాకిట్లో అందరూ చేరారు. నాన్న పేపరు చేత్తో పట్టుకునే వచ్చాడు. అత్తయ్య ఒక బిస్కెట్ తీసి, దానిమీద చీర కొంగు కప్పి, గుడ్డ మీది నుంచి కొరికి విరగ్గొట్టింది. పెద్దావిడ కాకెంగిలి చెయ్యడం నేను చూడడం అదే మొదటిసారి. నవ్వొచ్చింది, ఆపుకున్నాను. ఆ సగం టైగర్‌కి చాపింది. అది వాసన చూసి, మూతి తిప్పుకుంది. కాకెంగిలి మేం ఒప్పుకునేవాళ్ళం, అత్తయ్య ఒప్పుకునేది, టైగర్ ఒప్పుకోలేదు.

ఆ బిస్కెట్‌లో గుడ్డుంది. పుట్టి బుద్ధెరిగి ఆవిడ నోటికి తగలని వస్తువు. అది కొరికి కుక్క నోట్లో పెట్టడమంటే, ఆవిడ పట్టింపులన్నీ ఒక్క ముద్దలో పోయినట్టే. అమ్మ వద్దు వదినా, పిల్ల పెడుతుందిలే అని మెల్లగా అంది. అత్తయ్య కొంగు దులిపి భుజాన వేసుకుంది. ఇంకో బిస్కెట్ తీసి, కళ్ళు మూసుకోకుండా, మొహం చిట్లించకుండా కొరికి, నమిలి, మింగింది. మిగతా సగం చాపింది. టైగర్ లేచి నిలబడి, తడబడుతూ వచ్చి ఆవిడ చేతిలోంచి అందుకుంది.

"సన్నాసీ, ముందే చెప్పొచ్చు కదరా," అంది అత్తయ్య. అంటూనే ఏడ్చింది. ఆవిడ ఏడవడం మేమెవరమూ చూడలేదు అంతకు ముందు. నాకు మాత్రం ఆ క్షణంలో మా అత్తయ్యని మించిన మనిషి భూప్రపంచంలో లేదనిపించింది. ఇప్పటికీ అలాగే అనిపిస్తుంది.

డబ్బాలో ఇంకో నాలుగు అలాగే పోయాయి. సగం ఆవిడకి, సగం దానికి. అన్నీ అయ్యాక నల్లా దగ్గరికెళ్ళి నోరు పుక్కిలిస్తుంటే నాన్న వెనకాల నిలబడి, చిన్నప్పుడు నా జామకాయ మాత్రం తినలేదు నువ్వు అన్నాడు. అత్తయ్య నీళ్ళు ఉమ్మేసి, "నువ్వు ఏనాడైనా తిండి మానేశావట్రా?" అంది.

ఆ తర్వాత గది ఖాళీ చెయ్యడానికి వచ్చిన గార్డు గారి మేనల్లుడు అసలు సంగతి చెప్పాడు. రైల్వే క్వార్టర్లలో ఉండగా ఆయన ముందు పెంచిన కుక్కకి ఎవరో విషం కలిపి పెట్టారట. అందుకని టైగర్‌ని కూనగా తెచ్చుకున్నప్పటి నుంచీ, మనిషి నోట పెట్టి ఇస్తే తప్ప ఏదీ ముట్టుకోకుండా నేర్పారట. అత్తయ్య అదంతా విని, నేనాయన్ని బద్ధకస్తుడనుకున్నాను అని ఖాళీ గది వైపు చూసి దణ్ణం పెట్టుకుంది.

టైగర్ మా అరుగు మీదికి మకాం మార్చింది. రోజూ సాయంత్రం బడి నుంచి రాగానే అత్తయ్య కాళ్ళు కడుక్కుని, కాఫీ గ్లాసు, బిస్కెట్ డబ్బా పట్టుకుని దాని పక్కన కూర్చునేది. ఆదివారాలు బేకరీ. మాస్టరుతో చెప్పి గుడ్డు మాన్పించేసింది, టైగర్ ఏమీ అనుకోలేదు. పాలమూరావిడ జొన్నపిండి తెచ్చిస్తే ఆమెకీ ఒక పిడికెడు బిస్కెట్లు ఇచ్చేది. ఆమె అవి తింటూ, కుక్కకు పెట్టేటియి గింత మంచిగున్నయి, మీ ఇంట్ల మనుషులకేం పెడ్తరో అని ఆటపట్టించేది. ఇన్ని జరిగినా నా గ్లాసు పెదవికి తగిలితే మాత్రం తోమే గిన్నెల్లోకే. టైగర్‌కి లేని పట్టింపు నాకెందుకని అడిగితే, వాడూ నువ్వూ ఒకటా అనేది. అప్పటికి 'అది' పోయి 'వాడు' అయిపోయాడు. వాడు ముసలితనం వచ్చేదాకా బతికి, బాదం చెట్టు నీడలో పోయాడు. ఆ పూట అత్తయ్య కంచం ముందు కూర్చోలేదు.

మనవరాలు నా చేతిలో బిస్కెట్ వెనక్కి తీసుకుంటూ ఏమైంది అమ్మమ్మా, ఏడుస్తున్నావా అంది. ఏసీ పడలేదన్నాను. సీసాలో ఉన్న బిస్కెట్లన్నీ కట్టమన్నాను. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో ఇదంతా చెప్పాను. ఇంటికెళ్ళాక ఆ పిల్ల ఎంతో భక్తిగా బిస్కెట్ సగం కొరికి కుక్క ముందు చాపితే, అది ఆ సగం గుటుక్కున మింగి, పొట్లాన్ని కూడా చింపబోయింది. దాని తిండికి ఎవరి పూచీ అక్కర్లేదు.

ఒక్కటి మాత్రం మనవరాలికి చెప్పలేదు.

అత్తయ్య చివరి రోజుల్లో అశోక్‌నగర్‌లో నా దగ్గరే ఉంది. జబ్బు తగ్గింది గానీ తిండి మీద ధ్యాస పోయింది. ఏం వండినా గోడ వైపు తిరిగేది. స్పూను నోటి దగ్గరికి తెస్తే పళ్ళు బిగించేది. డాక్టరు ఏదిష్టమైతే అది పెట్టండి అన్నాడు. ఇష్టమైనవన్నీ అయిపోయాయి, పెసరట్టు దగ్గర నుంచి. అప్పటికి ఆ బేకరీ లేదు, పిండి తీసుకుని కాల్చిపెట్టేవాళ్ళూ లేరు. కుక్కర్లో ఇసుక పోసి, వేడెక్కించి, జొన్నపిండి, క్యారెట్, నెయ్యి కలిపి నేనే కాల్చాను. సగం మాడాయి. ఆ వాసనకి ఆవిడ గోడ వైపు నుంచి ఇటు తిరిగింది.

మంచం మీద పక్కన కూర్చున్నాను. ఏం చెయ్యాలో నాకు తెలుసు. కానీ ఆవిడ పద్ధతి ఆవిడకుంది, జీవితమంతా నిలబెట్టుకున్న పద్ధతి. నేను దాన్ని పాడుచేయకూడదనుకున్నాను. బిస్కెట్ మీద నా చీర కొంగు కప్పాను. గుడ్డ మీది నుంచి కొరకబోతుంటే ఆవిడ చెయ్యి ఎత్తి నా మణికట్టు పట్టుకుంది. బలం లేదు ఆ చేతిలో, అయినా పట్టుకుంది.

"కొంగు తియ్యవే," అంది.

తీశాను. సగం కొరికి నమిలాను. మిగతా సగం చాపితే నోరు తెరిచింది. నెమ్మదిగా, చాలాసేపు నమిలింది. మింగాక నా మొహంలోకి చూసి, గుడ్డు వెయ్యలేదు కదా అని అడిగింది. లేదన్నాను. ఇంకోదానికి నోరు తెరిచింది.